పేకాట బల్ల దగ్గర పంచాయితీ

పేకాట అనగానే మనవాళ్ళలో చాలామందికి ముందు గుర్తొచ్చేది రమ్మీ. పెళ్ళివారి విడిదిలో తెల్లవార్లూ సాగేది, సంక్రాంతి సెలవుల్లో డాబా మీద దుప్పటి పరుచుకుని ఆడేది. అందులో తగువు వస్తే తీర్చే పద్ధతి కూడా మనకి తెలిసిందే. కింద పడేసిన ముక్కని ఎవరైనా మళ్ళీ తీసుకోబోతే నలుగురూ గోల చేస్తారు, బాబాయిగారో పెద్దబావగారో కలగజేసుకుని "పోనీలే, ఈ ఒక్కసారికీ" అంటారు, ఆట సాగిపోతుంది. రూల్సు ఎక్కడా రాసి ఉండవు. రేపు పొద్దున్న అదే పంక్తిలో కూర్చుని ఇడ్లీ తినాల్సిన వాళ్ళు కాబట్టి ఎవరూ మరీ పంతానికి పోరు.

అమెరికాలోని పోకర్ రూములకి ఈ సౌకర్యం లేదు. బల్ల చుట్టూ తొమ్మిదిమంది కూర్చుంటారు, ఒకరి పేరు ఒకరికి తెలియదు, మధ్యలో ఆరేడు వందల డాలర్లు పోగుపడి ఉంటాయి. తగువు వస్తే సర్దిచెప్పే బావగారు లేరు. అయినా నేను చూసినంతలో నూటికి తొంభైతొమ్మిది తగువులు రెండు నిమిషాల్లో తీరిపోతాయి. కాలిఫోర్నియాలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక కార్డ్ రూముకి కొన్నేళ్ళుగా అప్పుడప్పుడూ వెళ్తున్నాను. లావాదేవీల సాఫ్ట్‌వేర్ రాసుకుని బతికేవాణ్ణి కాబట్టి నాకు ఆటకన్నా ఈ తగువులు తీర్చే పద్ధతే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. ఎలా గెలవాలో చెప్పే పుస్తకాలు బజారులో బోలెడున్నాయి, వాటి జోలికి నేను పోను. ఈ నెల కబుర్లు పంచాయితీ గురించే.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. టెక్సాస్ హోల్డెమ్ అనే ఆటలో ఒక్కొక్కరికీ రెండేసి ముక్కలు బోర్లా పంచుతారు. తర్వాత బల్ల మధ్యలో మూడు, ఆపైన ఒకటి, ఆపైన మరొకటి, మొత్తం ఐదు ముక్కలు అందరికీ కనపడేట్టు తిప్పుతారు. ప్రతి దశలోనూ పందేలు. మీ వంతు వచ్చినప్పుడు మీరు ఆట వదిలేయొచ్చు (ఫోల్డ్), ఎదుటివాడి పందెంతో సమానంగా పెట్టొచ్చు (కాల్), పెంచొచ్చు (రైజ్). చివరికి మిగిలినవాళ్ళు ముక్కలు తిప్పి చూపిస్తారు. అంతే. తగువులన్నీ ఈ "పెట్టడం, పెంచడం" దగ్గరే పుడతాయి.

ఉదాహరణకి నేను కళ్ళారా చూసింది ఒకటి. ఒకాయన ముందు 30 డాలర్ల పందెం ఉంది. ఆయన ఏమీ మాట్లాడకుండా ఒకే ఒక్క 100 డాలర్ల చిప్పు ముందుకి తోశాడు. (అన్నట్టు, "చిప్పు" అని రాస్తున్నప్పుడల్లా చేతికి చిప్ప రావడం గుర్తొస్తుంది. పోకర్ విషయంలో ఈ రెంటికీ ఉన్న దూరం ఒక్క ఉకారమే.) డీలరు "కాల్" అని 70 డాలర్లు వెనక్కి ఇవ్వబోయాడు. ఆయనకి కోపం వచ్చింది. "నేను 100కి పెంచాను, కాల్ ఎవడన్నాడు?" అన్నాడు. డీలరు చెయ్యెత్తి "ఫ్లోర్!" అని పిలిచాడు. ఫ్లోర్ అంటే ఆ గదిలో తీర్పు చెప్పే అధికారం ఉన్న ఉద్యోగి. ఆవిడ వచ్చి డీలరుని ఒకటే అడిగింది: "ముందుగా ఏమైనా అన్నాడా?" లేదన్నాడు డీలరు. "అయితే కాల్" అనేసి వెళ్ళిపోయింది. మొత్తం ముప్పై సెకన్లు.

ఆయన నిజంగానే పెంచుదామనుకున్నాడా? అనుకునే ఉండొచ్చు. కానీ ఆవిడ ఆ ప్రశ్నే అడగలేదు, అదీ గమనించాల్సిన సంగతి. పందెం ముందున్నప్పుడు నోరు మెదపకుండా ఒకే ఒక పెద్ద చిప్పు వేస్తే, దాని విలువ ఎంతైనా సరే, అది కాల్ కిందే లెక్క. మనసులో ఏముందో ఎవరికీ కనపడదు. కనపడేవి రెండే, నోటి నుంచి వచ్చిన మాట, గీత దాటిన చిప్పు. ఆ రెండిటి మీదే రూల్సన్నీ కట్టారు.

ఈ రూల్సు ఒకప్పుడు గదికో రకంగా ఉండేవి. బాబ్ సియాఫోన్ అనే ఆటగాడు కూర్చిన "రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ పోకర్" చాలా గదులకి ఆధారమైంది. 2001లో మ్యాట్ సావేజ్, లిండా జాన్సన్, జాన్ ఫిషర్, డేవ్ ల్యామ్ కలిసి టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ పెట్టి, టోర్నమెంట్లకి ఉమ్మడి రూల్సు తయారుచేశారు. డబ్బు పెట్టి ఆడే మామూలు ఆటల్లో ఇప్పటికీ గదికో చిన్న తేడా ఉంటుంది కాబట్టి కొత్త చోట కూర్చునే ముందు అడిగి తెలుసుకోవడం మేలు.

సినిమాల్లో హీరో "నీ వంద పెట్టాను" అని కాస్త ఆగి, ఎదుటివాడి కళ్ళలోకి చూసి, "ఇంకో ఐదొందలు పెంచాను" అంటాడు చూడండి, నిజం గదిలో అది చెల్లదు. "పెట్టాను" అన్న క్షణాన అది కాల్ అయిపోయింది. అలాగే చిప్పులు ఒక విడత పెట్టి, ఎదుటివాడి ముఖం చూసి, మళ్ళీ చెయ్యి వెనక్కి తీసుకెళ్ళి ఇంకో విడత పెట్టడం కూడా కుదరదు. దీన్ని స్ట్రింగ్ బెట్ అంటారు. మన భాషలో చెప్పాలంటే పందెం అనేది అటామిక్‌గా జరగాలి. సగం రాసి, ఎదుటి సర్వరు స్పందన చూసి, మిగతా సగం రాస్తానంటే ఏ డేటాబేసూ ఒప్పుకోదు కదా. ముందే "రైజ్" అని నోటితో అనేస్తే మాత్రం ట్రాన్సాక్షన్ తెరిచినట్టే, ఆ తర్వాత తాపీగా చిప్పులు లెక్కపెట్టుకోవచ్చు.

పెంచింది చాలకపోతే? దానికీ ఒక లెక్క ఉంది. ముందు 100 పందెం ఉంటే కనీసం 200కి పెంచాలి. మీరు మాట్లాడకుండా కొన్ని చిప్పులు కలిపి 150 పెట్టారనుకోండి, పెంచాల్సిన దాంట్లో సగం చేరుకున్నారు కాబట్టి బలవంతంగా 200 పూర్తి చేయిస్తారు. 140 పెడితే సగం కూడా లేదు కాబట్టి అది కాల్, మిగతా 40 వెనక్కి ఇస్తారు. ఇన్‌పుట్ తప్పుగా వస్తే ఎర్రర్ కొట్టి ఆపెయ్యకుండా, దగ్గర్లో ఉన్న సరైన విలువకి సర్దుతున్నారన్నమాట.

వంతు తప్పి ఆడేవాళ్ళతో వచ్చే చిక్కు మనకి బాగా పరిచయమైనదే. నా వంతు రాకుండానే "కాల్" అనేశాను. మధ్యలో ఆడాల్సినవాడు ఇంకా ఆడలేదు. నా మాట చెల్లుతుందా? టోర్నమెంట్ రూలు ప్రకారం, మధ్యవాడు చెక్ చేసినా కాల్ చేసినా వదిలేసినా పరిస్థితి మారలేదు కాబట్టి నా మాట నన్ను కట్టేస్తుంది. వాడు పందెం పెంచాడా, పరిస్థితి మారింది, నా మాట రద్దు, నేను మళ్ళీ మొదట్నుంచి ఆలోచించుకోవచ్చు. నేను చదివిన వెర్షను మీద ఈలోగా ఎవరైనా రాశారా లేదా అని చూసి కమిట్ చేసే పద్ధతి, ఆప్టిమిస్టిక్ లాకింగ్, మనం రోజూ వాడుతున్నదే. కంప్యూటర్ల మొహం చూడని డీలర్లు దీన్ని సొంతంగా కనిపెట్టుకున్నారు.

ఇన్ని రూల్సున్నప్పుడు ఫ్లోర్ ఎందుకు, డీలరే తీర్పు చెప్పొచ్చు కదా అనిపిస్తుంది. అసోసియేషన్ రూల్సులో మొట్టమొదటిదే దీనికి జవాబు. ఆట మేలు, న్యాయం అన్నిటికన్నా ముఖ్యం, అరుదైన సందర్భాల్లో రూలులోని అక్షరాన్ని పక్కనపెట్టి ఇంగితంతో తీర్పు చెప్పొచ్చు, ఆ తీర్పే ఆఖరు అని దాని సారాంశం. అంటే మిగతా రూల్సన్నిటినీ కొట్టేసే అధికారాన్ని తీసుకొచ్చి ఒకటో నంబరు రూలుగా పెట్టారు. మొదట చదివినప్పుడు నాకు ఇది ఒళ్ళుమండించింది. స్పెసిఫికేషన్ మొదటి వాక్యంలోనే "అవసరమైతే ఈ స్పెసిఫికేషన్‌ని పట్టించుకోకండి" అని రాస్తే మనం ఊరుకుంటామా?

కానీ నాలుగు రోజులు ఆ గదిలో కూర్చుంటే దాని అవసరం తెలుస్తుంది. రూల్సు కంఠతా వచ్చినవాళ్ళలో సందు చూసుకుని దూరేవాళ్ళు ఉంటారు. పెద్ద చిప్పు వేస్తే కాల్ అవుతుందని బాగా తెలిసే, తెలియనట్టు నటిస్తూ వేసి, "అయ్యో, పెంచుదామనుకున్నానే" అని వాపోయి, పక్కవాడు భయపడి ఎలా స్పందిస్తాడో చూసేవాళ్ళని నేను చూశాను. వాళ్ళు ఏ రూలూ తప్పలేదు. దీన్ని యాంగిల్ షూటింగ్ అంటారు. సాఫ్ట్‌వేర్‌లో దోపిడీలు కూడా ఇలాంటివే, కోడ్ ఏం చెప్పిందో సరిగ్గా అదే జరుగుతుంది, డబ్బు మాత్రం మాయమవుతుంది. అప్పుడు మొదటి రూలు పట్టుకుని ఫ్లోర్ "నువ్వు గత గంటలో ఇది మూడోసారి" అనగలగాలి.

మంచి ఫ్లోర్ పని తీరులో ఒక క్రమం ఉంటుంది. ముందు డీలరుని అడుగుతారు, తర్వాత ఆటగాళ్ళని, ఒక్కొక్కరినీ. బోర్లా ఉన్న ముక్కలు ఏమిటో మాత్రం తెలుసుకోరు, ఎవరికి లాభమో తెలిస్తే తీర్పు మీద నీడ పడుతుంది కాబట్టి. పెద్ద మొత్తమైతే పైనున్న కెమెరా రికార్డు చూడమంటారు, దానికి సమయం పడుతుంది కనక చిన్నవాటికి అడగరు. నెవాడాలో చట్టమే ఇంకో మెట్టు పెట్టింది. వివాదం 500 డాలర్లు లేదా అంతకుమించినదై, కాసినో దాన్ని తీర్చలేకపోతే, వెంటనే గేమింగ్ కంట్రోల్ బోర్డుకి తెలియజేయాలి. అంతకన్నా తక్కువైతే బోర్డుని విచారణ అడిగే హక్కు మీకుందని కాసినో మీకు చెప్పాలి.

ఫిర్యాదుకి గడువుంది, అది మీరు అనుకున్నదానికన్నా చిన్నది. తర్వాతి ఆట మొదలైతే ముందు ఆట గురించి వాదించే హక్కు పోతుంది. తర్వాతి ఆట మొదలైనట్టు ఎప్పుడు? డీలరు ముక్కల్ని మొదటిసారి కలిపినప్పుడు. ముక్కలు కలిపే యంత్రం ఉంటే, దాని ఆకుపచ్చ బొత్తాం నొక్కినప్పుడు. ఆ బొత్తాం కమిట్ లాంటిది. మీకు ఏదైనా తేడాగా అనిపిస్తే పక్కవాడితో గొణుక్కుంటూ కూర్చోకుండా గట్టిగా "ఫ్లోర్" అనాలి. మీ ముక్కలు మీ చేతికిందే పెట్టుకోవాలి, పొరపాటున డీలరు వాటిని లాగేసి చెత్తలో కలిపేస్తే చాలావరకు నష్టం మీదే.

మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. ఇద్దరు తెలుగువాళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే "ఏరా, ఏం వచ్చాయి?" అనకుండా ఉండటం మనకి కష్టం. అమెరికాలో చాలా గదుల్లో ఆట నడుస్తుండగా ఇంగ్లీషే మాట్లాడాలన్న నియమం ఉంది. మీరు సాయంత్రం బిర్యానీ ఎక్కడ తినాలో మాట్లాడుకుంటున్నా మిగతా ఏడుగురికీ అది తెలియదు. అంతకన్నా పెద్ద తప్పు, "మనవాడే కదా" అని మిత్రుడి మీద పందెం పెట్టకుండా మెత్తగా ఆడటం. దాన్ని సాఫ్ట్ ప్లే అంటారు, టోర్నమెంట్లలో శిక్ష పడుతుంది. మనకి అది మర్యాద, బల్ల దగ్గర మూడోవాడికి అది కుట్ర. వాడి వైపునుంచి చూస్తే వాడన్నది నిజమే.

ఇంతవరకూ చెప్పిన తగువులన్నిటినీ కంప్యూటర్ ఒక్క దెబ్బతో తుడిచేసింది. ఆన్‌లైన్ పోకర్‌లో వంతు రాకపోతే బొత్తామే వెలగదు. సగం పందెం పెట్టడం కుదరదు. గెలిచిన ముక్కల్ని ఎవరూ చెత్తలో కలపరు. ఇంకేం, ఫ్లోర్ అక్కర్లేదు అనుకున్నారు.

మొదట వచ్చిన చిక్కు, లైను తెగిపోయినవాణ్ణి ఏం చేయాలన్నది. పాపం అని, తొలినాళ్ళ సైట్లు కొన్ని వాణ్ణి అప్పటిదాకా పెట్టినంతకే ఆటలో ఉంచేవి. పెద్ద పందెం ఎదురైనప్పుడల్లా తీగ పీకేసే మహానుభావులు వెంటనే తయారయ్యారు. నెమ్మదిగా ఉన్న మెషీనుకీ చచ్చిపోయిన మెషీనుకీ తేడా దూరం నుంచి చెప్పలేమని మనకి తెలుసు. దానికి తోడు ఇక్కడ మూడోది, చచ్చినట్టు నటించే మెషీను. చివరికి ఆ దయని రోజుకి ఇన్నిసార్లే అని తగ్గించి, తర్వాత తీసేశారు.

రెండోది మరీ ముచ్చటైనది. 1999లో రిలయబుల్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీస్ (తర్వాత సిజిటల్‌గా పేరు మారింది) ఇంజనీర్లు ప్లానెట్ పోకర్ సైటులో ముక్కలు కలిపే ప్రోగ్రాముని విప్పి చూశారు. విప్పడం అంటే పెద్ద శ్రమేమీ కాదు, మా కలపడం ఎంత నిజాయితీగా ఉందో చూడండి అని దాన్ని రాసిన ఏఎస్ఎఫ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళే అల్గారిదమ్‌ని ప్రకటించారు! 52 ముక్కల్ని 52 ఫ్యాక్టోరియల్ రకాలుగా, అంటే సుమారుగా 8 పక్కన 67 సున్నాలన్ని రకాలుగా పేర్చవచ్చు. అన్నిటికీ అవకాశం ఇవ్వాలంటే 226 బిట్ల యాదృచ్ఛికత కావాలి. వాళ్ళ జనరేటరుకి ఉన్న సీడ్ 32 బిట్లు, అంటే దాదాపు 430 కోట్ల పేర్పులే సాధ్యం. పైగా సీడ్‌గా వాడింది అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లు. రోజుకి 8 కోట్ల 64 లక్షలు. సర్వరు గడియారంతో తమ గడియారాన్ని కలుపుకుంటే రెండు లక్షలకి తగ్గింది. తమ రెండు ముక్కలూ, బల్ల మీది మూడు ముక్కలూ తెలియగానే ఆ రెండు లక్షల్లో సరైనదేదో దొరికిపోయేది. బల్ల చుట్టూ ఎవరి చేతిలో ఏముందో, రాబోయే ముక్క ఏదో, అన్నీ వాళ్ళ తెరమీద!

ఇది చాలక కలపడంలోనూ తప్పుంది. లూపులో ప్రతి స్థానాన్నీ ఏదో ఒక యాదృచ్ఛిక స్థానంతో మార్చేశారు. మూడు ముక్కలతో చూడండి, మూడు మెట్లలో 27 దారులు, పేర్పులు ఆరు. 27ని ఆరుతో సమానంగా పంచలేం, కాబట్టి కొన్ని పేర్పులు ఎక్కువసార్లు వస్తాయి. దానికి తోడు 52కి బదులు 51 దాకానే సంఖ్య తీయడంవల్ల చివరి ముక్క ఎప్పటికీ చివరి స్థానంలో మిగిలేది కాదు. ఒకటి తేడా బగ్గు, మన ఇంటి జబ్బే. బల్ల దగ్గర కూర్చున్న ఏ ఆటగాడూ ఇది చూసి "ఫ్లోర్" అని పిలవలేడు. చూడటానికి ఏమీ లేదు.

2007లో అబ్సొల్యూట్ పోకర్ సైటులో ఒక ఖాతా నమ్మశక్యం కాని తీరులో గెలుస్తూ వచ్చింది. కంపెనీ మొదట ఏమీ లేదని కొట్టిపారేసింది. ఓడిపోయిన ఒక ఆటగాడు తన టోర్నమెంట్ చరిత్ర పంపమని అడిగితే, ఎవరి పొరపాటో తెలియదు గానీ, అందరి ముక్కలూ ఐపీ చిరునామాలూ ఉన్న పూర్తి ఫైలు వచ్చేసింది. ఆటగాళ్ళే కూర్చుని లెక్కలు వేశారు. ఆ బల్లని కనిపెట్టి చూస్తున్న ఒక ప్రేక్షక ఖాతా బయటపడింది, దానికి అందరి ముక్కలూ కనపడుతున్నాయి. 2008లో కానవాకే గేమింగ్ కమిషన్ ఆ సైటుకి 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అదే ఏడు అల్టిమేట్ బెట్‌లోనూ ఇలాంటిదే బయటపడింది, దానికి 15 లక్షలు. తీర్పు చెప్పింది కమిషనే అయినా, సాక్ష్యం చెప్పింది మాత్రం లాగ్ ఫైలు. అది పొరపాటున చేతికి రాకపోయి ఉంటే?

తమాషా ఏమిటంటే, ఇప్పుడు ఈ జబ్బు మళ్ళీ గదుల్లోకే వచ్చింది. ఆటని వీడియోలో చూపించడానికి ముక్కల్లో రేడియో చిప్పులు పెడుతున్నారు. శాక్రమెంటో దగ్గర స్టోన్స్ గ్యాంబ్లింగ్ హాల్‌లో అలాంటి ప్రసారాల్లో మైక్ పోస్టిల్ అనే ఆటగాడు ఎదుటివాళ్ళ ముక్కలు చూస్తున్నాడని 2019లో వెరోనికా బ్రిల్ బహిరంగంగా ఆరోపించింది. అతను కాదన్నాడు. దావా వేస్తే 2020లో ఫెడరల్ జడ్జి కొట్టేశారు. మోసం జరిగిందా లేదా అన్నది తేలి కాదు, జూదంలో పోయిన డబ్బుని కాలిఫోర్నియా చట్టం కింద వసూలు చేసుకోలేరన్న కారణంతో. 2022 సెప్టెంబరులో లాస్ ఏంజిలెస్ దగ్గర హస్ట్లర్ కాసినోలో రాబీ జేడ్ లూ, జాకీ, నాలుగు మాత్రమే చేతిలో పెట్టుకుని, గ్యారెట్ ఆడెల్‌స్టైన్ పెట్టిన పందేన్ని సరిచేసి 2,69,000 డాలర్ల ఆట గెలిచింది. ఆయన అనుమానించాడు, ఆవిడ 1,35,000 వెనక్కి ఇచ్చింది, గొడవ ముదిరింది. డిసెంబరులో వచ్చిన విచారణ నివేదిక మోసానికి ఆధారం దొరకలేదంది. రూల్సు ప్రకారం చూస్తే అక్కడ పంచాయితీయే లేదు. మాట సరైనదే, చిప్పులు సరైనవే. పేలవమైన ముక్కలతో కాల్ చేయకూడదని ఏ రూలూ లేదు. మనసులో ఏముందో అడగకూడదన్న సూత్రం అక్కడిదాకా బాగా పనిచేసి, అక్కడ చేతులెత్తేసింది.

ఆ గొడవ చూసి కుతూహలం పుట్టిన ఐయోయాక్టివ్ పరిశోధకులు డెక్‌మేట్ 2 అనే ముక్కలు కలిపే యంత్రాన్ని పరిశీలించి, 2023 ఆగస్టులో లాస్ వేగాస్ బ్లాక్ హ్యాట్ సదస్సులో చూపించారు. ముక్కలన్నీ ఉన్నాయో లేదో సరిచూడటానికి దాని పొట్టలో కెమెరా ఉంటుంది. బయటికి కనపడే యూఎస్‌బీ రంధ్రంలో చిన్న పరికరం గుచ్చితే ఆ కెమెరా చూసిన వరస బ్లూటూత్ మీద ఫోనుకి వచ్చేస్తుంది. యంత్రం బూట్ అయినప్పుడు తన కోడ్ మారిందేమోనని హ్యాష్ సరిచూసుకుంటుంది. కానీ పోల్చుకోవాల్సిన హ్యాష్‌ని కూడా ఆ యంత్రంలోనే దాచారు, దాన్నీ మార్చేశారు. కాసినోల్లో ఇలా ఎక్కడా జరగలేదని తయారీదారు అంది. 2025 అక్టోబరులో న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు ముప్పైమందికి పైగా నిందితుల మీద పెట్టిన కేసులో, ప్రైవేటు ఆటల్లో మార్చిన కలిపే యంత్రాలు వాడారన్నది ఒక అభియోగం. ఫ్లోర్ లేని, కెమెరా లేని, బోర్డుకి జవాబు చెప్పక్కర్లేని ఆటలవి.

సరైన హ్యాష్‌ని మరి ఎక్కడ దాచాలి అంటారా? యంత్రంలో కాకపోతే ఇంకెక్కడ అన్నది పెద్ద కథ, మన ల్యాప్‌టాప్ బూట్ అయ్యే పద్ధతికీ దానికీ చుట్టరికం ఉంది. వచ్చే నెల దాని సంగతి.